చితుకులు, గింజలు, సబ్బు ముక్క: కొత్తగా నాటకం రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

చిరంజీవికి,

ఆశీస్సులు. ఇంగ్లండులో మంత్రగత్తె అని చంపిన సాయర్ ముసలమ్మ మీద నువ్వు రాసిన నాటకం రాతప్రతి పోయిన వారం చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆఖరి పేజీకి వచ్చేసరికి కోపం వచ్చి పక్కన పడేశాను. రెండోసారి రెండో రంగంలో ఆగిపోయాను. పొలం ఆసామి బ్యాంక్స్ కొట్టి వెళ్లిపోయాక సాయర్ ముసలమ్మ లేచి, చెల్లాచెదురైన చితుకుల్ని ఒక్కొక్కటే ఏరుకుంటుంది. పొడవువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క పెట్టుకుంటుంది. ఒక్క మాట లేదు. ఆ అర పేజీ కోసమే ఈ ఉత్తరం.

ముందు నా కోపం సంగతి. చివర్లో ఆమెను గుంజకు కట్టి తగలబెట్టించావు. లండన్ దగ్గరి ఎడ్మంటన్ ఊరి ఎలిజబెత్ సాయర్‌ని ఎవరూ తగలబెట్టలేదమ్మా. 1621 ఏప్రిల్ 14న లండన్‌ ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారణ జరిగింది, 19న టైబర్న్‌లో ఉరి తీశారు. ఇంగ్లండులో మంత్రగత్తెలకు పడింది ఉరిశిక్షే. స్కాట్లాండులో గొంతు బిగించి చంపి, తర్వాత శవాన్ని కాల్చేవారు. ఇంగ్లండులో ఆడమనిషిని కాల్చాలంటే మొగుణ్ణి చంపిన నేరమో రాజద్రోహమో ఉండాలి. ఇది తారీఖుల పట్టింపు అనుకోకు. మంట పెట్టగానే తప్పంతా మూక మీదికి పోతుంది, చూసేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. జరిగింది అది కాదు. న్యాయాధికారులున్నారు, జ్యూరీ ఉంది. ఏం చెప్పాలో జ్యూరీకి తోచలేదు. అప్పుడు టాటెన్‌హామ్‌లో ఉండే ఆర్థర్ రాబిన్సన్ అనే జస్టిస్, ఆమె ఒంటి మీద ఏదో గుర్తు ఉందట, చూడండి అన్నాడు. ముగ్గురు ఆడవాళ్లు వెతికారు. చిటికెనవేలంత లావు, అర వేలంత పొడవు చనుమొనలాంటిది ఒకటి దొరికిందన్నారు. దాంతో జ్యూరీకి తోచింది. ఇంత పద్ధతిగా, ఇంత నెమ్మదిగా ఒక మనిషిని చంపిన తీరు నీ మంటలో కాలిపోయింది.

ఇక మొదటి రంగం. కొప్పెర, ఉరుములు, బల్లితోక, ముగ్గురు ముసలమ్మలు. ఇది నీ తప్పు ఒక్కదానివల్లే కాదు. మొదటి పేజీలోనే చూసేవాడి మెడ పట్టుకోవాలని ఈకాలం సంపాదకులు, నాటక పోటీల న్యాయనిర్ణేతలు పిల్లలకు నూరిపోస్తున్నారు. మెడ పట్టుకోవడానికి వాళ్లకు తెలిసింది ఉరుము ఒక్కటే. ఆ మాట నేను ముప్ఫై ఏళ్లుగా వింటున్నాను, ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. నువ్వూ ఒప్పుకోకు. ఆ కాలపు నాటకాల్లో మంత్రగత్తె కొప్పెరలోంచి పుట్టదు. పొరుగువాళ్లు "లేదు, పో" అన్నచోట పుడుతుంది.

షేక్‌స్పియర్ మాక్‌బెత్‌నే తీసుకో. కొప్పెర అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే కాబట్టి. కొప్పెర కనిపించేది నాలుగో అంకంలో. దానికి చాలా ముందు, మొదటి అంకం మూడో రంగంలో, ఒక మంత్రగత్తె తక్కినవాళ్లకు తన గోడు చెప్పుకుంటుంది. ఓ నావికుడి పెళ్లాం ఒడి నిండా చెస్ట్‌నట్ గింజలు పెట్టుకుని నములుతోంది. "నాకూ పెట్టు" అని అడిగితే "పో, మంత్రగత్తే" అని తరిమింది. అంతే. ఆ ముగ్గుర్నీ మనం మంత్రగత్తెలు అంటాం కానీ, సంభాషణల్లో వాళ్లలో ఒకరిని ఆ మాటతో పిలిచిన సందర్భం ఆ ఒక్కటే, అదీ గింజలు పెట్టనావిడ నోట. తర్వాత వచ్చే పగ కొలత చూడు. ఆవిడ మొగుడు అలెప్పో వెళ్లాడు. ఈ మంత్రగత్తె జల్లెడలో కూర్చుని సముద్రం దాటి వెళ్తుంది, తొమ్మిది తొమ్మిదుల వారాలు, అంటే 81 వారాలు, వాడికి నిద్ర లేకుండా చేస్తుంది. అయినా వాడి ఓడను ముంచలేదు, తుఫానులో ఊపగలదు, అంతే. ఒక చేతిలో పట్టేన్ని గింజలకు 81 వారాల నిద్ర. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే భయం. మధ్యలో ఏ ఉరుమూ అక్కర్లేదు.

నాటకాల్లోనే కాదు, కోర్టు కాగితాల్లోనూ ఇదే. 1612 మార్చిలో లాంకషైర్‌లో ఆలిజన్ డివైస్ అనే పిల్ల, ఊరూరా తిరిగి సామాన్లమ్మే జాన్ లా అనే అతన్ని గుండుసూదులు అడిగింది. అతను మూట విప్పనన్నాడు. కాస్త దూరం వెళ్లి పడిపోయాడు, కాలూ చెయ్యీ పడిపోయాయి. అక్కడ మొదలైన వ్యవహారం ఆగస్టు 20న లాంకాస్టర్‌లో పదిమందిని ఉరి తీసేదాకా పోయింది. మూలం గుండుసూదులు.

నీ సాయర్ విషయంలో మూలం ఏమిటో నీకు తెలుసా? నీ ప్రతిలో ఎక్కడా లేదు. సబ్బు. న్యూగేట్ జైల్లో ఖైదీలకు దైవబోధ చేసే హెన్రీ గుడ్‌కోల్ 1621లోనే అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఉంది. సాయర్ పంది, పొరుగావిడ ఆగ్నెస్ రాట్‌క్లిఫ్ పెట్టుకున్న కాస్త సబ్బు నాకింది. ఆవిడ పందిని కొట్టింది. సాయర్ ఆవిడను బెదిరించింది. ఆ సాయంత్రమే ఆగ్నెస్ మంచం పట్టింది, నాలుగు రోజుల్లో పోయింది. పోయేముందు, నేను చస్తే కారణం సాయరే అంది. సాయర్‌కి ఉరి పడింది ఈ నేరానికే. ఉరికి రెండు రోజుల ముందు గుడ్‌కోల్ అడిగితే ఆమె ఏం చెప్పిందంటే, ఆగ్నెస్‌కి తను ఏ కీడూ చెయ్యలేదని. ఏ పసిపిల్లల విషయంలో జ్యూరీ వదిలేసిందో ఆ చావులకు మాత్రం తనే కారణమని ఒప్పుకుంది. వదిలేసినదాన్ని ఒప్పుకుని, శిక్షపడినదాన్ని కాదన్న ఆ నోరు నీ నాటకానికి దొరికిన నిధి. నువ్వేమో గుడ్‌కోల్‌ని కొరడా పట్టుకున్న రాక్షసుణ్ణి చేశావు. కొరడా తీసెయ్. అతను అడుగుతాడు, అంతే. దయ్యం ఏ రూపంలో వచ్చింది? కుక్క రూపంలో. ఏ రంగు? ఒకోసారి నలుపు, ఒకోసారి తెలుపు. వారానికి ఎన్నిసార్లు? మూడు. ప్రతి ప్రశ్నా అంతకుముందు జవాబు కన్నా ఒక అడుగు ముందుంటుంది. ఆమె దాని వెనకే నడుస్తుంది. ఆ ప్రశ్నల మధ్య, ఒక కన్ను ఎలా పోయిందని కూడా అడిగాడు. అమ్మ చనిపోయిన రాత్రి మంచం పక్కన వంగితే, తన బిడ్డ చేతిలో ఉన్న కర్ర మొన తగిలి పోయిందని చెప్పింది. ఈ ఒక్క జవాబు నీ మూడో రంగంలో పెట్టు. ముందూ వెనకా ఏమీ రాయకు. గుడ్‌కోల్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవాలి.

ఇప్పుడు పని సంగతి. విలియం రౌలీ, థామస్ డెక్కర్, జాన్ ఫోర్డ్ కలిసి 'ది విచ్ ఆఫ్ ఎడ్మంటన్' రాసి 1621లోనే ఆడించారు. డిసెంబరు 29న రాజు కొలువులో కూడా ఆడింది. అచ్చయింది మాత్రం 1658లో. గుడ్‌కోల్ పుస్తకం చేతిలో పెట్టుకుని వాళ్లు ఏం మార్చారో గమనిస్తే నీకు కావలసిన మెట్లన్నీ దొరుకుతాయి.

మొదట అడిగే వస్తువు. అది చిన్నదై ఉండాలి, చేత్తో పట్టుకునేదై ఉండాలి. నువ్వు "ఆశ్రయం" అడిగించావు. ఆశ్రయం ఇవ్వనివాడు దుర్మార్గుడని చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. చితుకులు ఇవ్వనివాడిలో మాత్రం అతను తనను తాను చూసుకుంటాడు. ఆ నాటకంలో సాయర్ అడగను కూడా అడగదు, చలి కాచుకోవడానికి పుచ్చిపోయిన పుల్లలు నాలుగు ఏరుకుంటుంది. నా భూమిలో నీకేం పనంటాడు బ్యాంక్స్. అతని దగ్గర కారణం ఉంది చూశావా? కాదన్నవాడికి ఎప్పుడూ ఒక కారణం ఇవ్వు, అది సగం న్యాయంగా ఉండాలి.

తర్వాత తిట్టు. నీ సాయర్ ప్రాసలతో శపిస్తోంది, నాలుగు పాదాల పద్యంలా. ఇక్కడ రెండింటిని కలగలిపావు. నిజంగా మంత్రం వేసేవాళ్లకు లయ ఉంటుంది. మాక్‌బెత్ ముసలమ్మలవి నాలుగు దెబ్బల పొట్టి పాదాలు, తెలుగులో కావాలంటే నాలుగేసి మాత్రల గణాలు నాలుగు పెట్టుకో, దగ్గరగా వస్తుంది. దెబ్బలు తిన్న ముసలిదానికి లయ ఎక్కణ్ణుంచి వస్తుంది? పుల్లలు కింద పడేస్తూ అవి నీ గొంతులో, పేగుల్లో అడ్డం పడా అంటుంది సాయర్. చేతిలో ఉన్న వస్తువే తిట్టు అయింది. మన ఊళ్లలో కుళాయిల దగ్గర తిట్లు విను, అలాగే ఉంటాయి. ఇంకొకటి, పిలుపు. బ్యాంక్స్ మొదటినుంచీ "ఏమే" అనాలి. ఆమె మొదట "మీరు" అనాలి, "అయ్యా" అనాలి. కర్ర ఒంటిమీద పడ్డాకే "నువ్వు"లోకి దిగాలి. ఊరంతా ఆమెను 'మదర్ సాయర్' అంటారు. దాన్ని నువ్వు 'తల్లి సాయర్' అన్నావు. తల్లి కాదు, అవ్వ. సాయరవ్వ.

తిట్టుకీ నష్టానికీ మధ్య ఎడం ఉంచు. నీ నాటకంలో ఆమె శపించగానే ఆవు కూలిపోతుంది. వెంటనే కూలితే అందరూ చూసినట్టే, ఇక అనుమానం అనేదే ఉండదు. అనుమానం లేని చోట మంత్రగత్తె కథ లేదు. రాత్రి ఒకటి గడవాలి, కనీసం. బ్యాంక్స్ గుర్రం ముక్కు నిన్న రాత్రి శుభ్రంగా ఉంది, పొద్దున్నకి చీమిడి కారుతోంది. వెన్న పడలేదు. బిడ్డకు జ్వరం. నష్టం ఊళ్లో రోజూ జరిగేదే అయి ఉండాలి. ఆ తర్వాత ఇద్దరు మనుషుల రంగం ఒకటి రాయి, నీ ప్రతిలో పూర్తిగా లోపించింది అదే. ఒకడు నష్టం చెబుతాడు, రెండోవాడు పేరు చెబుతాడు. ఆ రెండోవాడికి ఆమెతో ఏ తగాదా ఉండకూడదు.

ఆపైన పరీక్ష. నువ్వు చేతులు కట్టి చెరువులో పడేయించావు. ఆ పరీక్షా ఉండేది, కాదనను. కానీ రంగస్థలం మీద నీళ్లు ఎలా చూపిస్తావు? ఆ ముగ్గురు రచయితలు తెలివిగా చూరుగడ్డి ఎంచుకున్నారు. అనుమానం ఉన్నదాని గుడిసె చూరులోంచి గుప్పెడు గడ్డి పీకి కాలిస్తే, ఆమె మంత్రగత్తె అయితే పరిగెత్తుకొస్తుందని నమ్మకం. సాయర్ విషయంలో ఊళ్లో నిజంగానే ఆ పని చేశారని గుడ్‌కోల్ రాశాడు, అది వెర్రి ఆచారమని కూడా రాశాడు. గడ్డి కాలుస్తారు, సాయర్ పరిగెత్తుకొస్తుంది, "చూశారా" అంటారు. తన ఇంటి గడ్డి కాలుతుంటే రాని మనిషి ఎవరు? ఆ ప్రశ్న నువ్వు ఎవరి నోటా పెట్టకు. నాటకంలో జస్టిస్ వాళ్లను మందలిస్తాడు, ఆమె మీద చెయ్యి వెయ్యడానికి మీరెవరంటాడు. అంతమాత్రాన ఆమె బతికిందా? ఆఖరి అంకంలో ఆమెను తీసుకుపోయేది ఉరికే. మంచి జస్టిస్ ఉన్నా ఆగలేదు, అది గుర్తుంచుకో. నీ నాటకంలో న్యాయాధికారులంతా మూర్ఖులే, అందుకే వాళ్ల మీద మనకు భయం కలగదు.

కుక్క గురించి రెండు మాటలు. నల్లకుక్కను తీసేసి నల్లపిల్లిని పెట్టావు, కారణం రాయలేదు. తిరిగి కుక్కను పెట్టు. దాని పేరు టామ్. అది వచ్చే క్షణం చూడు. దెబ్బలు తిని, ఈ ఊరిమీద పగ తీర్చుకునే దారి ఎవరైనా చెబితే బాగుండునని తిడుతూ ఉంటుంది సాయర్. "శపిస్తూ దొరికావు, ఇక నువ్వు నాదానివి" అంటూ కుక్క వస్తుంది. ఊళ్లో ఆమెను దగ్గరకు తీసింది ఆ ఒక్కటే. చేతినుంచి నెత్తురు తాగుతుంది, అప్పుడు మాత్రం ఉరుముతుంది. నీకు ఉరుము అంత ఇష్టమైతే అక్కడ వాడుకో, ఒక్కసారి. దానికి హద్దులు కూడా పెట్టు. బ్యాంక్స్‌ని చంపమంటే కుక్క తన వల్ల కాదంటుంది. నీ పట్ల క్రూరుడే అయినా లోకం పట్ల దయగలవాడు, బీదలకు పెడతాడు, అలాంటివాణ్ణి తాకలేను, కావాలంటే పశువుల్నీ పంటనీ పాడుచేస్తాను అంటుంది. బీదలకు పెట్టేవాడే ఈమెను కొట్టాడు. ఆ నాటకం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇది. చివరికి అదే కుక్క తెల్లగా మారి వస్తుంది, నీ శవానికి కప్పే గుడ్డ రంగు ఇదంటుంది, వదిలేసి పోతుంది. దానికి తెలుగులో ఏ దయ్యం పేరూ వెతక్కు. రంగ సూచనల్లో 'కుక్క' అని మాత్రమే రాయి, పాత నాటకంలోనూ అంతే ఉంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బ్యాంక్స్ నోట "బాణామతి" అనిపించావు. తెలంగాణ పల్లెల్లో ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. అందుకే ఆ మాట ఎడ్మంటన్‌లో వద్దు. అది వినగానే చూసేవాడి మనసు మన ఊరికి వచ్చేస్తుంది, బ్యాంక్స్ పొలంలోని ముసలిదాన్ని మర్చిపోతుంది. "చేతబడి" కూడా అంతే, నిమ్మకాయలూ బొమ్మలూ వెంట తెస్తుంది. "మంత్రగత్తె" చాలు. దాన్నీ పొదుపుగా వాడు. నీ ప్రతిలో మొదటి రెండు పేజీల్లోనే పదకొండుసార్లు వచ్చింది. మొదటిసారి అది బ్యాంక్స్ నోట పడాలి, సాయర్ ఉలిక్కిపడి "నన్నా?" అనాలి.

ఆ రోజుల్లో అందరూ ఇలాగే రాశారని అనుకోకు. బెన్ జాన్సన్ 1609లో రాణిగారి కోసం కూర్చిన 'మాస్క్' అనే కొలువు ఆటపాటల ప్రదర్శనలో మంత్రగత్తెలు వేషాల కోసం, ఆటల కోసం. థామస్ మిడిల్టన్ నాటకం 'ది విచ్' సంగతీ దాదాపు అంతే. నీ మొదటి రంగం అక్కణ్ణుంచి వచ్చినట్టుంది. వాటితో నాకు పేచీ లేదు. నాకు పేచీ ఉన్నది 1634 నాటి హేవుడ్, బ్రోమ్‌ల లాంకషైర్ నాటకంతో. ఎడ్మండ్ రాబిన్సన్ అనే పదేళ్ల పిల్లాడు ఒక కట్టుకథ చెప్పాడు, జ్యూరీ ఆడవాళ్లను దోషులంది, న్యాయాధికారులకు అనుమానం వచ్చి సంగతి రాజుగారిదాకా పోయింది, కొందరిని లండన్ రప్పించి పరీక్ష చేయించారు. అలా వాళ్లు ఖైదులో ఉండగానే లండన్ గ్లోబ్ నాటకశాలలో వాళ్లను నిజమైన మంత్రగత్తెలుగా, నవ్వులాటగా చూపించారు. వరసగా మూడు రోజులు జనం విరగబడి చూశారు. పశువుల్ని తోలుకురాలేదని నాన్న కొడతాడన్న భయంతో అబద్ధమాడానని పిల్లాడు ఒప్పుకున్నాడు. అయినా రెండేళ్ల తర్వాత కూడా వాళ్లలో కొందరు లాంకాస్టర్ జైల్లోనే ఉన్నారు. "వార్త వేడిగా ఉండగానే రాయాలి" అని నువ్వు ఉత్తరంలో ఎవరిదో మాట రాశావు. ఆ మాట చెప్పినవాళ్లకు ఈ సంగతి చెప్పు.

నాటకానికి పేరేం పెట్టాలి, ఎవరికి పంపాలి, పీఠిక ఉండాలా అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు ఆలోచించకు. మొదటి రంగం మొత్తం కొట్టెయ్. చితుకుల రంగాన్ని మొదటికి తీసుకురా. దాని తర్వాత రాట్‌క్లిఫ్ ఇంటి ముంగిలి కొత్తగా రాసి, ఆ ఒక్క రంగమే నాకు పంపు, ఐదు పేజీలు మించకుండా. పంది కనిపించనక్కర్లేదు, అరుపు వినిపిస్తే చాలు. సబ్బు మాత్రం కనిపించాలి. ఎంత ముక్క, ఎక్కడ పెట్టింది, పంది నాకాక ఎంత మిగిలిందో రాయి.